బట్టలు వేసుకోవడం తప్పనిసరి కాని వేడినీటి బుగ్గలకు వెళ్లొచ్చా? బెళ్లందూరు నుంచి అడిగినవారికి

ఇదే సందేహం ఉన్న మిగతావాళ్లకీ పనికొస్తుంది కాబట్టి ముందు మీ ప్రశ్న చెప్పేస్తాను. మీరు బెళ్లందూరులో ఉంటారు. మీ ఆయనకి శాన్ హోజేలో మూడు నెలల ఆన్‌సైట్ వచ్చింది, మీరూ వెళ్తున్నారు. పాపని అమ్మ దగ్గర ఉంచుతున్నారు. అక్కడి టీమ్‌లో ఎవరో హార్బిన్ హాట్ స్ప్రింగ్స్ అనే వేడినీటి బుగ్గల చోటు బాగుంటుందని, అక్కడ చాలామంది బట్టల్లేకుండానే నీళ్లలో దిగుతారని చెప్పారు. మీ ఆయనకి ఉత్సాహం, మీకు టెన్షన్. విప్పాల్సిందేనా, అది మర్యాదస్తులు వెళ్లే చోటేనా, సిజేరియన్ గీతతో, కాన్పు తర్వాత వదులైన పొట్టతో అందరి ముందూ ఎలా నిలబడటం, తెలిసినవాళ్లు ఎదురైతే ఏం చెయ్యాలి, బెంగళూరు చుట్టుపక్కల ఇలాంటిది ఏమైనా ఉందా అని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. మాది చిత్తూరు, పెళ్లయ్యాక జయనగర్‌లో స్థిరపడ్డాం. గోరువెచ్చని నీళ్లలో మనిషిని తేల్చి చేసే చికిత్స ఒకటి ఉంది, వాట్సు అంటారు. హెరాల్డ్ డల్ అనే ఆయన 1980లో హార్బిన్‌లోనే దాన్ని మొదలుపెట్టాడు. అది నేర్చుకోవడానికి నేను అక్కడికి వెళ్లాను, ఆ తర్వాతా వెళ్తూ వచ్చాను. జర్మనీలో, జపాన్‌లో స్నానశాలలు కూడా చూశాను. వృత్తిరీత్యా రోజంతా మనుషుల ఒళ్లు చూస్తూ ఉండేదాన్ని కాబట్టి నాకు సిగ్గు కొంచెం తక్కువే. నా మాటలు చదివేటప్పుడు ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

విప్పక్కర్లేదు. స్విమ్ సూట్ వేసుకుని దిగొచ్చు, ఎవరూ ఏమీ అనరు. కాకపోతే అక్కడ ఎక్కువమంది ఒంటి మీద నూలుపోగు లేకుండానే ఉంటారు. మీరు వేసుకున్నా మీ పక్కవాళ్లు వేసుకోరు. కాబట్టి మీరు తేల్చుకోవాల్సినవి రెండు. నన్ను ఎవరైనా చూస్తే ఎలా అన్నది మొదటిది. పక్కన ముక్కూమొహం తెలియని మగవాళ్లు దిగంబరంగా కూర్చుని ఉంటే నాకు ఎలా ఉంటుంది, మా ఆయన ఆ మధ్యలో ఉంటే నాకు ఎలా ఉంటుంది అన్నది రెండోది. మొదటిది మొదటి అరగంటలో దానంతటదే పోతుంది. రెండోది అలా పోదు. దాని గురించి బెంగళూరులో ఉండగానే మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

హార్బిన్ శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన లేక్ కౌంటీలో, మిడిల్‌టౌన్ అనే చిన్న ఊరికి దగ్గర్లో ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి కారులో సుమారు రెండున్నర గంటలు, మీరు శాన్ హోజే నుంచి కాబట్టి ఇంకా ఎక్కువ. ఆ కొండల కింద భూమి ఇంకా చల్లారలేదు. ప్రపంచంలోకెల్లా పెద్ద భూతాప విద్యుత్ క్షేత్రం, ది గీజర్స్, అక్కడికి దగ్గర్లోనే ఉంది, 1960 నుంచి అక్కడ ఆవిరితో కరెంటు తీస్తున్నారు. ఆ వేడే ఈ బుగ్గల్లోనూ వస్తుంది. లాభాపేక్ష లేని ఒక మతసంస్థ ఈ చోటుని నడుపుతోంది. 2015 సెప్టెంబరులో వ్యాలీ ఫైర్ అనే కార్చిచ్చులో దాదాపు అంతా బూడిదైపోయింది. మళ్లీ కట్టుకుని 2019 జనవరిలో తెరిచారు. పాత ఫొటోలు చూసి వెళ్తే పోల్చుకోలేరు, చెట్లు తగ్గాయి.

ప్రభుత్వ గుర్తింపు కార్డు చూపించి, సభ్యత్వం తీసుకుంటేగానీ లోపలికి పంపరు. మీకు పాస్‌పోర్ట్ సరిపోతుంది. ఈ పద్ధతి చూసి కొందరు చిరాకుపడతారు గానీ నాకైతే అదే ధైర్యం. ఎవరు వచ్చారో రికార్డు ఉన్నచోట వెకిలి వేషాలు తగ్గుతాయి. మద్యం లేదు. కొలనుల దగ్గర ఫోను, కెమెరా బయటికి తీయకూడదు. లైంగికంగా ఏ చేష్టా చెయ్యకూడదు, భార్యాభర్తలైనా సరే. గోరువెచ్చని కొలనులో మాట్లాడుకోవడం కూడా ఉండదు, మరీ అవసరమైతే గుసగుస. తినేచోట, ఆఫీసు దగ్గర బట్టలు వేసుకునే ఉండాలి.

ఈ నియమాలన్నిటిలో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది ఫోను. మన రిసార్ట్‌లో స్విమ్మింగ్ పూల్ ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. నైటీ మీద తువ్వాలు కప్పుకుని పూల్ దాకా వచ్చే ఆడవాళ్లు, గట్టు మీద చేరి వీడియో తీసే అన్నదమ్ములు, పూర్తిగా బట్టల్లో ఉండి నీళ్లలో ఉన్నవాళ్లని చూస్తూ టీ తాగే మరో గుంపు. నిండా బట్టలతో ఉన్నా అక్కడ నాకు ఒళ్లంతా కళ్లు గుచ్చుకుంటున్నట్టే ఉంటుంది. హార్బిన్‌లో ఏమీ లేకుండా ఉన్నప్పుడు అలా అనిపించలేదు. గట్టు మీద బట్టలేసుకుని చూడటానికే నిలబడినవాడు అక్కడ ఎవడూ ఉండడు. చూసేవాడూ అదే అవతారంలో, మెడలోతు నీళ్లలో, కళ్లు మూసుకుని ఉంటాడు.

ఇది మన సంస్కృతి కాదు కదా అని మీరు రాశారు. నిజమే, ఆడామగా కలిసి ఇలా స్నానం చెయ్యడం మనకి లేదు. కానీ ఒంటిని చూసి గుండెలు బాదుకునే అలవాటు కూడా మరీ పాతదేం కాదు. బెంగళూరువాళ్లు పిల్లాపాపల్ని వేసుకుని శ్రవణబెళగొళ వెళ్తారు, 57 అడుగుల గోమటేశ్వరుడి ముందు నిలబడి దండం పెట్టుకుంటారు, ఒంటి మీద దారప్పోగు లేని విగ్రహమని ఎవరూ పిల్లల కళ్లు మూయరు. హొగెనక్కల్‌లో మగవాళ్లు చెడ్డీలతో బండల మీద బోర్లా పడుకుని అందరూ చూస్తుండగా నూనె మర్దనా చేయించుకుంటారు. అదే పని ఆడవాళ్లు చేస్తే ఊరుకుంటారా అని మీరు అడగొచ్చు. ఊరుకోరు. కాబట్టి మీ భయం పిరికితనం కాదు, చూపుల మధ్య పెరిగిన ఏ ఆడపిల్లకైనా ఉండేదే. మీ ఆయనకి ఆ భయం లేదంటే ఆయన ధైర్యవంతుడని కాదు, ఆయనకి ఆ అనుభవం లేదని. ఈ ఒక్క ముక్క ఆయనతో చదివించండి.

ఇక సిజేరియన్ గీత సంగతి. కొలను కన్నా బట్టలు మార్చుకునే గదే కష్టం, ఇది ఎవరూ ముందుగా చెప్పరు. ఇలాంటి చాలా చోట్ల ఆ గది, షవర్లు కూడా ఆడామగా అందరికీ ఒకటే. కొక్కేలకి బట్టలు తగిలిస్తూ అరడజను మంది ఉంటారు. అంతా విప్పి ఒక్క లోదుస్తు దగ్గర ఆగిపోతాం చూడండి, ఆ నిమిషం చచ్చేంత సిగ్గేస్తుంది. ఆ నిమిషంలో చుట్టూ చూస్తే ఏం కనిపిస్తుందో చెప్తాను. డెబ్బై ఏళ్ల పెద్దావిడ, ఒక పక్క రొమ్ము తీసేసిన మచ్చ చంకదాకా ఉంది, తాపీగా జుట్టు ముడేసుకుంటోంది. పెద్ద బొజ్జాయన, మోకాలి మీద నిలువుగా పొడవాటి గీత, అది మోకీలు మార్చిన గీతని నాకు చూడగానే తెలుస్తుంది, ఏ యేడు చేయించారండీ అని అడగబోయి నోరు మూసుకోవాల్సి వస్తుంది. ఒకామె పొట్ట మీద మీలాంటి గీతే, కొంచెం వంకరగా. మీరు ఊహించుకుంటున్న సినిమా ఒళ్లు అక్కడ తక్కువ. వచ్చేవాళ్లలో నడివయసు దాటినవాళ్లు చాలామంది, నడుంనొప్పులతో, కీళ్లనొప్పులతో, మనసు బాగోక వచ్చినవాళ్లు. మీ పొట్ట వంక చూసే తీరిక ఎవరికీ లేదు.

అయినా సిగ్గు పోకపోతే తువ్వాలు చుట్టుకుని కొలను మెట్ల దాకా వెళ్లి, మొదటి మెట్టు మీద తీసి పక్కన పెట్టి దిగిపోండి. బయటికొచ్చేటప్పుడూ అంతే. నేను అందరికీ చెప్పేది ఇంకొకటి ఉంది, పల్చటి కాటన్ లుంగీలు రెండు తీసుకెళ్లండి. తువ్వాలు కన్నా త్వరగా ఆరుతాయి, చెక్క అరుగు మీద పరుచుకుని పడుకోవచ్చు, నడిచేటప్పుడు చుట్టుకోవచ్చు. చెక్క మీద బల్ల మీద ఎక్కడ కూర్చున్నా కింద గుడ్డ వేసుకుని కూర్చోవడం అక్కడి మర్యాద కూడా.

చూపుల మర్యాద కూడా చెప్తాను, ముఖ్యంగా మీ ఆయన కోసం. మాట్లాడేటప్పుడు మొహం చూసి మాట్లాడాలి. మాట్లాడనప్పుడు ఆకాశమో చెట్టో నీళ్లో చూసుకోవాలి. ఎవరినైనా వెంటాడుతూ ఒక కొలను నుంచి ఇంకో కొలనుకి వెళ్లడం, ఒంటి మీద వ్యాఖ్య చెయ్యడం, మెచ్చుకోలు అయినా సరే, పనికిరాదు. మగవాళ్లు నన్ను పక్కకి పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది, అందరి ముందూ ఒళ్లు మాట వినకపోతే ఎలా అని. వేడి నీళ్లలో అది అరుదు. ఒకవేళ అయితే నీళ్లలోనే కూర్చోవాలి, లేదా పక్కనే ఉన్న చల్లనీళ్ల తొట్టిలోకి దిగాలి, క్షణాల్లో సమస్య తీరుతుంది.

గోరువెచ్చని కొలనులో ఇద్దరిద్దరు ఒకరినొకరు చేతుల మీద తేలుస్తూ మెల్లగా తిప్పడం కనిపిస్తుంది. మొదటిసారి చూస్తే ఏదోలా అనిపిస్తుంది. అది నేను చెప్పిన వాట్సు, లేదా దాని నకలు. మీరిద్దరూ చేసుకోవచ్చు: ఒకరు వెల్లకిలా పడుకోవాలి, రెండోవారు మెడ కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి పెట్టి ఊరికే నిలబడాలి. నీళ్లు చెవుల్లోకి వస్తాయి, బయటి శబ్దం పోతుంది, మీ ఊపిరి మీకే వినపడుతుంది. పిల్లలు పుట్టాక నిద్రకి మొహం వాచిన ఆడవాళ్లు ఇందులో రెండు నిమిషాలకే నిద్రపోవడం చూశాను. కానీ పరిచయం లేనివాళ్లు ఎవరైనా తేలుస్తాను అని దగ్గరికొస్తే వద్దని చెప్పెయ్యండి. కారణం చెప్పక్కర్లేదు, మొహమాటం అస్సలు వద్దు. అక్కడ వద్దు అన్న మాటని నవ్వుతూ తీసుకుని వెళ్లిపోతారు. అలా వెళ్లకపోతే సిబ్బందికి చెప్పండి, పంపించేస్తారు.

నగ్నత్వం గురించి ఇంత రాశాను గానీ, నాకు నిజంగా భయమేసేది వేడి గురించి. అక్కడి వేడి కొలను 45 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది. అమెరికాలో హాట్ టబ్‌లకి గరిష్ఠంగా సూచించేది 40 డిగ్రీలు. ఆ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది, ఒంటికి పెద్దది. దిగగానే చర్మంలో రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తపోటు పడిపోతుంది, గుండె వేగం పెరుగుతుంది. నీళ్లలో ఉన్నంతసేపూ హాయిగానే ఉంటుంది. ఠక్కున లేచి నిలబడినప్పుడు కళ్లు చీకట్లు కమ్మి మెట్ల మీద పడతారు. అందుకే వేడి కొలనులో కొద్ది నిమిషాలే ఉండి, మెట్టు మీద కాసేపు కూర్చుని, చెయ్యి పట్టుకుని లేవండి. తర్వాత చల్లనీళ్లు, ఆపైన గోరువెచ్చని కొలను. ఎక్కువసేపు గడపాల్సింది అందులో, అది ఒంటి వేడికి దగ్గరగా ఉంటుంది. వెంట మంచినీళ్ల సీసా ఉండాలి, గాజుది కాకుండా.

బీపీ మాత్రలు వాడేవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుని అడిగే వెళ్లాలి. సుగర్ వల్ల పాదాలకి స్పర్శ తగ్గినవాళ్లకి నీళ్లు కాలుతున్నా తెలియదు, బొబ్బలు వచ్చాక చూసుకుంటారు. గర్భం ఉంటే, లేదా ఉందేమో అన్న అనుమానం ఉన్నా, వేడి కొలను వద్దే వద్దు. మొదటి నెలల్లో తల్లి ఒంటి వేడి బాగా పెరిగితే బిడ్డకి ముప్పు. రెండో బిడ్డ కోసం ప్రయత్నంలో ఉంటే మీ ఆయనా వేడి నీళ్లు తగ్గించుకోవాలి, వేడికి వీర్యకణాలు తాత్కాలికంగా తగ్గుతాయి, మళ్లీ సర్దుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

తల ముంచకండి. సహజమైన వేడినీళ్లలో నెగ్లేరియా అనే అమీబా ఉండే అవకాశం ఉంది. ముక్కులోకి నీళ్లు బలంగా పోతేనే ప్రమాదం, మింగితే కాదు. చాలా అరుదు, కానీ వస్తే దాదాపు ప్రాణాంతకం. కేరళలో ఈమధ్య వచ్చిన కేసుల గురించి మీరూ చదివే ఉంటారు. వాట్సులో తేలేటప్పుడు చెవులు మునిగినా ముక్కు పైనే ఉంటుంది, అలాగే ఉంచుకోండి. కాంటాక్ట్ లెన్సులు గదిలోనే తీసెయ్యండి.

వెళ్లే ముందు రోజు వాక్సింగ్, ఆ రోజు ఉదయం షేవింగ్ చేసుకోకండి. ఖనిజాల వేడినీళ్లు తగిలితే కారం రాసినట్టు మండుతుంది, అందంగా కనబడాలని చేసుకున్నది రోజంతా ఏడిపిస్తుంది. తలకి కొబ్బరినూనె పెట్టుకుని దిగకూడదు, ముందు షవర్‌లో సబ్బుతో శుభ్రంగా స్నానం చేసి దిగాలి. ఆ రోజుల్లో ఉంటే కప్పు లేదా టాంపన్ వాడండి, అవి అలవాటు లేకపోతే తేదీ మార్చుకోండి. ఇక మనవాళ్లకి మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. వెండి. గంధకం ఉన్న నీళ్లకి వెండి నల్లబడుతుంది. మెట్టెలు, పట్టీలు, మీ ఆయనకి వెండి మొలతాడు ఉంటే అదీ, కాసేపటికే పెనం అడుగులా తయారవుతాయి. పాడవవు, పైపొర మాత్రమే, విభూతితో రుద్దితే చాలావరకు వస్తుంది. కానీ సన్న గొలుసు పట్టీల సందుల్లో నలుపు పోగొట్టడం తలనొప్పి. బంగారానికి ఏమీ కాదు. పసుపుతాడు అయితే నీళ్లకి రంగు దిగుతుంది, గొలుసులోకి మార్చుకుని వెళ్లండి. జంధ్యం, మొలతాడు, తాళి ఉంచుకుంటే ఎవరూ వింతగా చూడరు. ఏమిటని అడిగినా ముచ్చటగా అడుగుతారు.

ఇప్పుడు మీ ఇద్దరి సంగతి. ఇంతమందికి సలహా చెప్పాక నాకు ఒకటి గట్టిగా కుదిరింది. ఇద్దరిలో ఎవరికి ఇష్టం తక్కువో వాళ్ల మాటే చెల్లాలి. మీ ఆయన మంచివారే అయ్యుండొచ్చు, సరదాకే అడుగుతుండొచ్చు. అయినా ఆయన మొహం చిన్నబుచ్చుకుంటారని వెళ్తే మీరు ఆ నీళ్లలో ఒక్క నిమిషం సుఖంగా ఉండలేరు. ఎందుకు వెళ్లాలనుకుంటున్నారో ఆయన్ని సూటిగా అడగండి. నీళ్ల కోసం, కొండల కోసం, కొత్త అనుభవం కోసం అంటే సరే. ఆ జవాబులో మీరు ఎక్కడా లేకుండా వేరే ఆడవాళ్లే ఉన్నారనిపిస్తే మాత్రం ప్రయాణం మానేసి ఇంట్లో మాట్లాడుకోండి. వెళ్లాలని అనుకున్నా, మధ్యలో వెళ్లిపోదాం అని మీరు అంటే ఆయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా లేచి రావాలి. ఈ ఒప్పందం కారెక్కే ముందే జరగాలి.

మీకు అసలు ఇష్టం లేకపోతే, అదే దారిలో మిడిల్‌టౌన్‌కి ముందు కాలిస్టోగా అనే ఊరు వస్తుంది. అక్కడ స్విమ్ సూట్ వేసుకునే దిగే వేడినీటి కొలనులు, అగ్నిపర్వతపు బూడిద కలిపిన మట్టి స్నానాలు ఉన్నాయి. ఖర్చు ఎక్కువ, కానీ ఇద్దరికీ గొడవ ఉండదు. మధ్యేమార్గంగా కావాలంటే యూకయా అనే ఊరి దగ్గర ఆర్ హాట్ స్ప్రింగ్స్ ఉంది. అక్కడా బట్టలు మీ ఇష్టమే, కాకపోతే తలుపు వేసుకునే విడి తొట్లు కూడా ఉన్నాయి. కొత్తవాళ్లకి నేను ఎక్కువగా అదే చెప్తాను: ముందు తలుపు వేసుకుని ఇద్దరే ఒక గంట ఉండండి, తర్వాత మనసైతే బయటి కొలనుకి రండి, లేకపోతే లేదు. వంట మనమే చేసుకోవాలి, కాబట్టి బియ్యం, పప్పు, ఊరగాయ సీసా పట్టుకెళ్లండి. చిన్న చోటు, ముందే నిండిపోతుంది. కాలిఫోర్నియా తీరంలోనే బిగ్ సర్‌లో, సముద్రం మీదికి వేలాడే కొండ అంచున ఎసలెన్ అనే వేడినీటి బుగ్గల కేంద్రం ఉంది, 1962లో పెట్టారు. దాన్ని పెట్టిన ఇద్దరిలో ఒకరైన మైకేల్ మర్ఫీ అంతకుముందు పుదుచ్చేరి అరవింద ఆశ్రమంలో ఏడాదికి పైగా ఉన్నాడు. ఇదంతా పాశ్చాత్యుల పైత్యం అనే మామగారెవరైనా ఉంటే వాళ్లకి చెప్పడానికి పనికొస్తుంది.

వేరే దేశాల పద్ధతులు వేరు. జపాన్‌లో వేడినీటి స్నానశాలల్లో బట్టలు పూర్తిగా విప్పాల్సిందే, కానీ చాలావరకు ఆడవాళ్లు వేరు, మగవాళ్లు వేరు. ముందు చిన్న పీట మీద కూర్చుని ఒళ్లు తోముకుని, ఆ తర్వాతే నీళ్లలోకి. చేతి తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, తల మీద పెట్టుకుంటారు. పచ్చబొట్టు ఉంటే కొన్నిచోట్ల రానివ్వరు. జర్మనీలో ఆవిరి గదుల దగ్గర ఆడామగా కలిసే, స్విమ్ సూట్ వేసుకుంటేనే తప్పు పడతారు. బాడెన్ బాడెన్‌లోని ఫ్రీడ్రిష్‌బాద్ 1877 నాటిది, 17 దశల్లో స్నానం చేయిస్తారు, సంప్రదాయంగా అంతా బట్టల్లేకుండానే. బుడాపెస్ట్ పెద్ద స్నానశాలల్లో మామూలుగా స్విమ్ సూట్ ఉంటుంది. కాబట్టి మీ ఇబ్బంది మగవాళ్ల మధ్య ఉండటమైతే జపాన్ మీకు కాలిఫోర్నియా కన్నా సులువు. ఎవరి ముందైనా విప్పడమే ఇబ్బంది అయితే కాలిఫోర్నియానే నయం, అక్కడ ఎంతవరకు అన్నది మీ చేతిలో ఉంటుంది.

బెంగళూరు దగ్గర్లో ఇలాంటిది ఉందా అంటే లేదు, చట్టం ప్రకారం ఉండే వీలూ లేదు. బహిరంగ ప్రదేశంలో ఇతరులకి ఇబ్బంది కలిగించే అశ్లీల చర్యకి భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు ఉంది. కనకపుర రోడ్డు మీదో నంది కొండల వైపో ఫామ్‌హౌస్‌లో ప్రైవేటుగా నడుపుతున్నాం, జంటలు మాత్రమే, ముందే డబ్బు కట్టండి అని ఇన్‌స్టాలోనో టెలిగ్రామ్‌లోనో ఎవరైనా పిలిస్తే ఆ ఛాయలకి పోకండి. హార్బిన్ లాంటి చోట సభ్యత్వం, సిబ్బంది, ఏళ్ల తరబడి నలిగిన నియమాలు ఉన్నాయి. ఇక్కడ ఆ పేరు తప్ప ఏమీ ఉండదు, గోడలో కెమెరా ఉందో లేదో మీకు తెలియదు. ఆడవాళ్లని చాటుగా చూసినా, ఫొటో తీసినా 77వ సెక్షన్ కింద మొదటిసారే కనీసం ఏడాది జైలు అన్నది నిజమే. కానీ వీడియో బయటికి పోయాక ఆ సెక్షన్ పట్టుకుని తిరగడం ఎవరికి కావాలి.

బట్టల గొడవ వదిలేసి వేడినీళ్లే కావాలంటే మన దేశంలో లోటు లేదు. కర్ణాటకలో పుత్తూరు దగ్గర బెంద్రు తీర్థం ఉంది, చిన్నది. మన వైపు భద్రాచలం దగ్గర గుండాలలో గోదారి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. మనాలి పక్కన వశిష్ఠలో ఆడవాళ్ల కుండం వేరుగా, గోడల మధ్య ఉంది. అక్కడి పల్లె ఆడవాళ్లు ఏ బిడియం లేకుండా ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటారు, మీకు ముందస్తు అలవాటుకి అంతకన్నా మంచి చోటు లేదు. గోరువెచ్చని నీళ్లలో తేలే వాట్సు మాత్రమే కావాలంటే పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లో క్వయెట్ హీలింగ్ సెంటర్ ఉంది, స్విమ్ సూట్‌తోనే చేస్తారు. వీలైతే అమెరికా వెళ్లే ముందు అక్కడ ఒకసారి చేయించుకోండి, నీళ్ల మీద నమ్మకం కుదురుతుంది.

తెలిసినవాళ్లు ఎదురైతే ఏం చెయ్యాలన్నారు. శాన్ హోజే చుట్టుపక్కల తెలుగువాళ్లు అడుగడుగునా ఉన్నారు, కాబట్టి అది జరగని పని కాదు. తల ఊపి చిన్నగా నవ్వి మీ కొలనుకి మీరు వెళ్లిపోండి. పేరు పెట్టి పిలవకండి, ఏ కంపెనీ అని అడగకండి, బయట పార్టీలో కలిసినప్పుడు ఆ ఊసెత్తకండి. వాళ్లకీ అత్తగారు ఉంటారు, వాళ్లూ చెప్పరు. మీ అత్తగారికి చెప్పాలా అంటే, కొండల్లో వేడినీళ్ల బుగ్గలకి వెళ్లొచ్చాం అని చెప్పండి. అందులో అబద్ధం లేదు. స్టేటస్‌లో మాత్రం ఊరి పేరు పెట్టకండి, వెతికేవాళ్లకి ఒక్క నిమిషం పని.

శని, ఆదివారాలు రద్దీ ఎక్కువ, మంగళ, బుధవారాల్లో వెళ్లగలిగితే కొలను సగం ఖాళీగా ఉంటుంది. ఎండాకాలం చివర, అంటే ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, బయల్దేరే ముందు కార్చిచ్చు హెచ్చరికలు, పొగ సంగతి చూసుకోండి. కాలిస్టోగా దాటాక కొండ ఎక్కే రోడ్డంతా మలుపులే, వాంతులయ్యే అలవాటు ఉంటే టిఫిన్ తక్కువ తినండి. అన్నిటికన్నా ముఖ్యం, రాత్రి అక్కడే ఉండేలా బుక్ చేసుకోండి. వేడినీళ్లలో నానిన ఒంటికి నిద్ర ఎలా ముంచుకొస్తుందో దిగినవాళ్లకే తెలుసు. గది దొరక్క ఆ రోజే తిరిగి రావాల్సి వస్తే మధ్యాహ్నం మూడింటికల్లా నీళ్లలోంచి లేచి, ఏదైనా తిని, గంట ఆగి, వెలుగు ఉండగానే ఆ ఘాట్ దిగెయ్యండి.